మర దగ్గర ఒక్కసారి ఊదు

నెరెయ్డా, పొయ్యి మీద నల్ల చిక్కుడుగింజలున్నాయి, తినే బయల్దేరు. మొక్కజొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టాను. శాలువా వదిలేసి వెళ్ళావో, ఊరుకోను. అక్టోబరు చలి ఎముకల్లోకి దిగుతుంది.

నువ్వు గోడకి అంటించిన కాగితం కూడబలుక్కుని మొత్తం చదివాను. ఒక్క నెలలో తొమ్మిది ఊళ్ళ జాతరలకి మీ బ్యాండే! "అంత పెద్ద బూరా ఈ పిల్ల ఊదుతుందా?" అని వెక్కిరించిన పొరుగింటి ఎలియాసర్, నిన్న సంతలో "నీ మనవరాలు ఊదితే మా కిటికీలు అదిరిపోయాయమ్మా" అన్నాడు. ఏమీ పట్టనట్టు ఉల్లిపాయలు ఏరుకున్నాను గానీ, ఇంటికొచ్చేదాకా నవ్వు ఆగలేదు.

నేను పిండిమరకి వెళ్ళాను. నీ మీద కోపం కాదు. మీ తాతనీ, మీ అమ్మనీ ఈ గుమ్మంలోనే నిలబడి సాగనంపాను. ఇప్పుడు వాళ్ళు ఏడాదికోసారి, చనిపోయినవాళ్ళ పండగనాడు, బంతిపూలు పరిచిన దారిలో వస్తారు. అందుకే ఈసారి గడప నేనే ముందు దాటాను. నువ్వు మాత్రం వాళ్ళకంటే ఒకరోజు ముందే వచ్చెయ్యి.

మరిచాను, మీ లారీ మర ముందునుంచే వెళ్తుంది. నేను బయటికి రాను. ఒక్కసారి గట్టిగా ఊదు. వరసలో ఎంతమంది గొడవపెట్టినా మర ఆపించి ఉంచుతాను.