ఆదివారం వాన మాట

బిడ్డా నిరోషా,

నీకు అవ్వ దీవెనలు. ఏసయ్య దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మేక ఈనింది, మీ బాపు నడుంనొప్పి తగ్గింది. పుణెలో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటున్నాను.

ఫోన్ ఎత్తడం లేదని అలిగి ఉత్తరం రాశావు. ఫోన్‌లో అయితే సగంలో అడ్డం వస్తావు. కాగితం మీద నన్ను ఆపేవాళ్లు లేరు. నేను చెప్తుంటే అంగన్‌వాడీ స్వర్ణ రాస్తోంది. మాట చక్కబెట్టుకో, తిట్లు మాత్రం తగ్గించకు అన్నాను.

అడిగినవాటికి జవాబులు. మోకాళ్లకు మందు రాస్తున్నాను. పెరట్లో నువ్వు పాతిన వాన కొలిచే సీసాకు కోళ్లు ఎక్కకుండా ముళ్లకంప చుట్టాను. నేల, గాలి, సముద్రం అన్నీ ఒకదానికొకటి ముడిపడినవని, ఒకచోట వేడెక్కితే ఇంకోచోట దెబ్బ తగులుతుందని మీ వాతావరణం ఎమ్మెస్సీలో చెప్పారట. మా కాలం కూలోళ్లకు అది కొత్త కాదు. పటేలు ఇంట్లో పెనం కాలితే మా వీపు మీద వాత తేలేది.

ఇక నీ పెద్ద ప్రశ్న. ప్రతి ఆదివారం వానల సంగతి చెప్పినట్టే ఆ ఆదివారం ఫోన్‌లో నువ్వు మన మండలానికి మంగళవారం గట్టి వాన అన్నావు. కమలాకర్ పటేలు నీ నంబరు సంపాదించి, "వాన లేదంటివి, నా వడ్లు మొలకెత్తినయ్. నీది చదువా, చిలక జోస్యమా?" అన్నాడట. లెక్క ఎక్కడ తప్పిందో దొరకడం లేదని, చదువు మానేసి వస్తానని రాశావు. ఆ మాట స్వర్ణతో రెండుసార్లు చదివించుకున్నాను.

ముందు మీ తాత ఏసోబు సంగతి విను. కమలాకర్ తండ్రి దగ్గర జీతం ఉండేవాడు. జొన్నలు కళ్లంలో ఉండగా పడమట మబ్బు పట్టింది. "పటేలా, వానొచ్చేటట్టుంది. కుప్ప కప్పుదమా?" అన్నాడు.

పెద్ద పటేలు నవ్వాడు. "పంచాంగం ఎప్పుడు సదివినవురా?"

కుప్ప తడిసింది, నవ్వు పోయింది. "నీ పాడు నోరే వానను పిలిచింది" అని ఆ వానలోనే బండి కాడి నెత్తిన పెట్టి నిలబెట్టాడు. వాన వెలిసేదాకా మీ తాత అట్లాగే ఉన్నాడు. నేను వాళ్ల గడప ముందు మొక్కుతూ ఉన్నాను. అరుగు మీద పల్లికాయలు ఒలుచుకు తింటూ నవ్విన పోరడే ఈ కమలాకర్. ఆ రోజు పట్టిన దగ్గు మీ తాతను మట్టిలో పెట్టేదాకా వదల్లేదు.

ఇప్పుడు వాడి కళ్లం మన వాకిలికి ఎదురుగా ఉంది. సోమవారం సోమవారం కారు ఆపి, దిగకుండా అద్దం దించి, "ఏమే, మీ పిల్ల ఏమన్నది?" అంటాడు. ఊరందరికీ నీ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అందరూ వడ్లు కప్పుకున్నారు. కారులో తిరిగేవాడికి అవి కనబడవు.

"ఎండలేనంట పటేలా. బేఫికర్‌గ ఎండవోసుకో," అని ఆ సోమవారం వాడికి మాత్రం చెప్పాను.

నీ లెక్క తప్పలేదు బిడ్డా. మాట తిప్పింది నేను. వాడి వడ్ల మీద నాకు జాలి లేదు, అవకాశమొస్తే మళ్లీ ముంచుతాను. వాటితోపాటు నీ పేరు మునుగుతుందని మాత్రం తట్టలేదు.

అందుకే నిన్న వడ్ల కొనుగోలు కేంద్రానికి పోయాను. కాంటా దగ్గర ఊరంతా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాణ్ని పేరుతో పిలిచాను.

"కమలాకరా, నా మనవరాలు వానొస్తదనే చెప్పింది. లేదన్నది నేను."

"ఎందుకే?" అని లేచాడు.

"వానొస్తదన్నందుకే గద మీ నాయిన మా ఆయన్ను వానల నిలవెట్టిండు. అందుకే నీకు చెప్పలే."

హమాలీలు మూటలు ఆపి చూశారు. ముసలి బక్కయ్య చుట్ట తీసి, "అవు, కాడి నెత్తిన వెట్టిండు. నేను జూసిన," అన్నాడు. కమలాకర్ కారెక్కి పోయాడు. చదువు మానే ఆలోచన పెట్టుకోకు. నీ మాట నిజమని ఇప్పుడు ఊరికి తెలుసు.

ఈ వారం కూడా వానేనని స్వర్ణ ఫోన్‌కు పంపావు. పొద్దున వాడు కారు దిగి వాకిట్లో నిలబడ్డాడు. "బిక్షమ్మా, నిజం చెప్పు."

"వానొస్తది," అన్నాను. నిజమే చెప్పాను. నమ్మాలో వద్దో వాడికి తెలియదు. అప్పటి నుంచి మిగిలిన వడ్ల మీద పట్టా కప్పుతున్నాడు, తీస్తున్నాడు, మెడ నిక్కించి మబ్బు చూస్తున్నాడు. నేను గడపలో కూచుని పల్లికాయలు ఒలుచుకు తింటున్నాను.

ఇట్లు,
ఏసోబు పెండ్లాం, నీ అవ్వ
బిక్షమ్మ వేలిముద్ర