పదహారు మిల్లీమీటర్ల బావగారు

బావగారికి నమస్కారాలు.

మొన్న మా ల్యాబులో బల్ల మీద బరువు పెట్టి చూసే పరీక్షకు ఇసుక బస్తాలు రాలేదని నేను తల పట్టుకుంటే, "నేను లేనూ? సరిగ్గా డెబ్బై రెండు కిలోలు, రాసుకో!" అంటూ మీరే బల్ల మీద కూర్చుని ఆదుకున్నారు. ఆ మేలు మరవలేను. కానీ ఒక చిక్కొచ్చిపడింది.

డెబ్బై రెండు కిలోలకు బల్ల పన్నెండు మిల్లీమీటర్లు వంగుతుందని మేం నలుగురం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ లెక్కగట్టింది. మీరు కూర్చుంటే పదహారు వంగింది. బల్లను మళ్లీ కొలిచాం, స్కేలు మార్చాం, చివరికి వడ్రంగిని నిలదీశాం. "నా చెక్కకేం రోగం? కూర్చున్నాయన్ని అడగండి" అన్నాడు. పెద్దల మాటను అనుమానించలేక నేను మళ్లీ స్కేలే చేతిలోకి తీసుకున్నాను.

రేపు మా మేనేజరు సాఫ్ట్‌వేరే తప్పని తేల్చి, మా నలుగురి రెండేళ్ల కష్టాన్ని బుట్టదాఖలు చేస్తారట. అందుకని, బల్ల పదహారు వంగాలంటే ఎంత బరువుండాలని సాఫ్ట్‌వేర్‌నే అడిగాను. తొంభై ఆరు అంది. అక్కను అడిగితే తనూ అదే అంకె చెప్పింది. తనకు బల్ల కూడా అక్కర్లేకపోయింది.

ఈ ఉత్తరం అక్కతోనే పంపుతున్నాను. తన రెండో చేతిలో ఉన్నది బరువు తూచే మిషను. దయచేసి ఎక్కండి. చెప్పులు విప్పి ఎక్కినా నాకు అభ్యంతరం లేదు.

మీ మేలు కోరే
బావమరిది