మూడోసారి మార్చిన ఫాగ్ లైట్లు

లిమూరు,
గురువారం.

బాబాయ్ గారికి, మీ ఆస్థాన మెకానిక్ సవినయంగా విన్నవించుకోవడం ఏమనగా:

మీ స్పోర్ట్స్ కారుకు ఫాగ్ లైట్లు మూడోసారి మార్చాను. మన పెరట్లోనే బంపరు విప్పి, అన్నిటికన్నా పెద్ద పసుపు లైట్లు బిగించాను. ఆ వెలుగుకు టీ తోట అవతల మేకలు లేచి నిలబడుతున్నాయి.

నిన్న మీరు ఒక చుట్టు తిప్పి వచ్చి, "ఇంకా మసకే నాన్నా, ఈ ఏడు మంచు మరీ ముదిరింది" అన్నారు. అప్పుడు మిట్టమధ్యాహ్నం. న్యగుతీ పిన్ని బట్టలు ఆరేస్తోంది. "మంచెక్కడిదయ్యా, చొక్కాలు పెళపెళా ఆరిపోతుంటే" అని నా వైపు చూసింది. నేను స్క్రూడ్రైవర్ వైపు చూశాను.

లోయ దారి మలుపులు మిమ్మల్ని చూసి పక్కకు జరగవు బాబాయ్. సోమవారం పదింటికి కంటి డాక్టరు దగ్గర మీ పేరు రాయించాను. అంతవరకూ కారు తాళం నా దగ్గరే ఉంటుంది.

ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. పిన్ని చదివి వినిపిస్తుంది.

మన ఆచారం ప్రకారం తాతయ్య పేరు, అంటే మీ నాన్నగారి పేరు, నాకే పెట్టారు గనక, నేను పుట్టినప్పటి నుంచి మీరు నన్ను నాన్నా అనే పిలుస్తున్నారు. ఇరవై మూడేళ్లలో ఆ అధికారం ఒక్కసారీ వాడలేదు. ఇప్పుడు వాడుతున్నాను.

ఒరేయ్ అబ్బాయ్, కళ్లు చూపించుకో. కారు ఎక్కడికీ పోదు.

ఇట్లు,
మీ నాన్న