పద్మ తలకు పోసుకున్న రోజులు

నవంబర్ 3, 2020

పద్మ ఈరోజు కూడా తలకు పోసుకుంది. బయట మైనస్ పన్నెండు. కేర్ హోమ్‌లో రోజంతా ముసలివాళ్ళకు తినిపించి, తుడిచి, పక్కలు మార్చి వచ్చిన మనిషి... జుట్టు ఆరకుండానే కంచం ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిని లేచింది.

గరాజ్ గోడకు నేను అంటించిన కరోనా రూల్స్‌లో తలస్నానం లేదు. బూట్లు బయట, బట్టలు సంచీలో, మెడ కింద నుంచి సబ్బు. అంతే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసేవాణ్ణి, ఊరికే రాస్తానా. జుట్టు గురించి నాలుగు చోట్ల చదివి మరీ చెప్పాను. "సరేనండీ" అంది. సరేనన్నంత మాత్రాన వినే అలవాటు మా ఆవిడకు లేదు.

నవంబర్ 5

పోసుకోలేదు. నా మాట విన్నట్టుంది. గెలిచాను.

నవంబర్ 6

పోసుకుంది. గెలవలేదు.

నవంబర్ 9

లంచ్ బాక్స్ మరిచిపోయి వెళ్ళింది. మీటింగ్ మధ్యలో కెమెరా ఆపేసి, కారు తీశాను. లోపలికి రానివ్వరు. తలుపు దగ్గర పెట్టి వెనక్కి వస్తుంటే కింది అంతస్తు కిటికీలో కనిపించింది. గౌను, మాస్కు, మొహానికి షీల్డు... నడకను బట్టి పోల్చుకున్నాను.

ఒక ముసలావిడకు జడ వేస్తోంది. ఉన్నదే నాలుగు తెల్లవెంట్రుకలు. వాటినే మూడు పాయలు తీసి, ఓపిగ్గా అల్లి, చివర రిబ్బను కట్టి, అద్దం పట్టుకుంది. ఆవిడ చూసుకుని నవ్వింది. పద్మ కూడా నవ్వే ఉంటుంది. షీల్డు మీద వెలుతురు పడి కనిపించలేదు.

కాళ్ళు మొద్దుబారేదాకా మంచులో నిలబడి చూశాను. పదమూడేళ్ళ కాపురం. తను పనిచేస్తుంటే చూడటం ఇదే మొదటిసారి. ఎంత గర్వంగా ఉందో. మొహం మీద చెబితే "ఏంటి, ఏం కావాలి మీకు?" అంటుంది. అందుకే ఇక్కడ.

నవంబర్ 14, దీపావళి

పద్మకు ఆఫ్. పొద్దున్నే ముగ్గురికీ తలంట్లు అయ్యాయి. మధ్యాహ్నం గ్రేస్ ఫోన్, తనతో పనిచేసే ఫిలిపీన్స్ అమ్మాయి. పద్మ "ఓకే... ఓకే... థాంక్యూ ఫర్ టెల్లింగ్ మి" అని పెట్టేసి పైకి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు. తల తుడుచుకుంటూ దిగింది.

ఊరుకోవచ్చు కదా నేను. "ఫోన్లోంచి కూడా అంటుకుంటుందా ఏంటి వైరస్?" అన్నాను. నవ్వుతూనే.

"మా హోమ్‌లో వాల్టర్ గారు పోయారండీ."

తువ్వాలు భుజాన వేసుకుని మెట్టు మీదే కూర్చుంది. "కూతురు వాంకూవర్‌లో ఉంది. రావడానికి లేదు. చావు కబురు వింటే తలకు పోసుకుంటాం కదా... ఆయనకెవరు పోసుకుంటారు? ఎవరో ఒకరం పోసుకోవద్దా."

"మరి ఆ రోజులన్నీ—"

"ఆ. అన్నీ అవే."

ఇంత పెద్ద మనసున్న మనిషితో, మెడ కింద నుంచి పోసుకుంటే చాలని వాదించాను. గెలిచానని రాసుకున్నాను, ఈ పుస్తకంలోనే. సిగ్గేస్తోంది. కొట్టెయ్యను, ఉండనీ.

దీపాలు మానేద్దామా అంటే "ఎందుకూ? ఆయనకు లైట్లంటే ఇష్టం" అంది. గాలికి ఆరిపోతుంటే మళ్ళీ మళ్ళీ వెలిగించింది.

నవంబర్ 18

ఐదింటికే చీకటి. గరాజ్ తలుపు పడిన చప్పుడైంది, మనిషి రాలేదు. వెళ్ళి చూస్తే కారులోనే ఉంది. ఇంజను ఆపేసి, స్టీరింగ్ మీద చేతులు. "మీరు పదండి, వస్తున్నా."

పడుకునే ముందు కథ చదివించుకుని వచ్చి మేఘ అంటోంది: "నాన్నా, అమ్మ కీప్స్ రీడింగ్ ద సేమ్ పేజ్." అలిసిపోయింది అమ్ములూ, అన్నాను. "షీ సేస్ దట్ టూ."

భయంగా ఉంది నాకు.

నవంబర్ 20

సెలవు పెట్టమన్నాను.

"నేను మానేస్తే గ్రేస్ ఒక్కతే అయిపోతుందండీ."

పోనీ, కౌన్సెలర్‌కు ఫోన్ చెయ్యమన్నాను. తన పనిలో ఇచ్చిన నంబరే, వారం నుంచి ఫ్రిజ్ మీద ఉంది.

"నాకేమైనా పిచ్చెక్కిందనుకుంటున్నారా?"

ఇద్దరం గొంతులు పెంచాం. మేఘ తన గది తలుపు వేసుకుంది.

నవంబర్ 21

ఉప్మాలో ఉప్పు రెండుసార్లు పడింది. ముగ్గురం మారుమాట్లాడకుండా తినేశాం.

నవంబర్ 24

ఆ నంబర్‌కు నేనే చేశాను. ఇంట్లోవాళ్ళు కూడా మాట్లాడవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. పద్మ గురించి చెబుదామని చేస్తే, ముందు మీరెలా ఉన్నారని అడిగింది ఆ కౌన్సెలర్. అన్నీ చెప్పేశాను... చేతులు కడిగీ కడిగీ వేళ్ళ మధ్య పగిలిపోయాయని, తను షిఫ్టులో ఉన్నంతసేపూ నాకు గుండెలో దడేనని. ముక్కూ మొహం తెలియని మనిషికి.

సాయంత్రం పద్మతో ఈ సంగతి అన్నాను. నా చేతులు లైటు కిందకు లాక్కుని చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

కొబ్బరినూనె తెచ్చి వేళ్ళ మధ్య రాసింది.

నవంబర్ 26

జడ వేయించుకున్న ఆవిడ పేరు డొరతీ గారట. పాజిటివ్ వచ్చింది.

పద్మ ఫ్రిజ్ దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత వచ్చి "వచ్చే గురువారానికి ఆ కాల్ బుక్ చెయ్యండి, నేను మాట్లాడతాను" అంది. తనకోసం కాదట. "ఈ మధ్య చేతులు వణుకుతున్నాయండీ. ఆవిడ గదిలోకి వెళ్ళినప్పుడు వణక్కూడదు. ఆవిడకు తెలిసిపోతుంది."

ఏ మట్టితో చేశారో ఈ మనిషిని.

నవంబర్ 27

షిఫ్టుకు వెళ్ళొచ్చింది. తలకు పోసుకోలేదు. ఈరోజుకు ఇది చాలు.

డిసెంబర్ 3

డొరతీ గారికి ఆక్సిజన్ పెట్టారని పొద్దున గ్రేస్ మెసేజ్. పదింటికి కౌన్సెలర్ కాల్. పద్మ గదిలో తలుపు వేసుకుంది. ఫోన్ స్పీకర్ మీద పెట్టే అలవాటు, అన్నీ వినిపిస్తున్నాయి. వినకూడదు. వింటున్నాను.

మొదట ఇంగ్లీషే. ఎస్, నో, ఐ యామ్ ఫైన్. ఎక్కడ మారిందో తెలియదు, తెలుగులోకి వచ్చేసింది. "గ్లవ్స్‌తోనే పట్టుకున్నానండీ అందరి చేతులూ... ఒక్కరినైనా ఉత్త చేత్తో పట్టుకోలేదు... ఆ రబ్బరే తగిలింది వాళ్ళకు చివరికి..." ఏడుస్తోంది. ఇన్ని వారాల్లో మొదటిసారి.

లోపలికి వెళ్ళి ఆ కౌన్సెలర్‌కు ఇంగ్లీషులో చెబుదామని తలుపు మీద చెయ్యి వేశాను.

"ఐ డోంట్ నో ద వర్డ్స్, పద్మా," అంటోంది అవతలి గొంతు. "బట్ ఐ యామ్ హియర్. గో ఆన్."

చెయ్యి తీసేశాను. మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. రేపు ఏడింటికి షిఫ్టు. వెళ్ళొద్దనాలా, వెళ్ళమనాలా?

లోపల ఇంకా మాట్లాడుతోంది. తెలుగులోనే.