కైమాయి వాలులో మూడు రకాల అడవి

గుత్తుల రమామణి అను నేను, న్యూజిలాండ్‌లోని టౌరంగా నివాసిని, కలపకు విలువ కట్టే ఉద్యోగం చేసి విరమించినదాన్ని, పూర్తి తెలివిడితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరెవరికి చెందాలో ఇందుమూలంగా నిర్ణయిస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామాలు చెల్లవు. అమలు బాధ్యత నా లాయరు హెలెన్ ప్రాట్‌ది. ఇంగ్లీషు ప్రతి ఆమె దగ్గర ఉంది.

1. కైమాయి కొండవాలులో నా భూమి మూడు రకాల అడవి. ఒక పక్క రాడియాటా పైన్, నాటి పెంచినది. ముప్పై ఏళ్లలోపే కోతకొచ్చి, దుంగలుగా రేవుకెళ్లి ఓడ ఎక్కుతుంది. దాన్ని ఆనుకుని మానుకా పొదలు. కలపగా పనికిరావు, తేనెకు మాత్రం మంచి గిరాకీ. కింద లోయలో టావా, రిము చెట్ల సహజారణ్యం. రిము చెక్క మీద జనానికి ఎంత మోజున్నా అనుమతి లేనిదే కొట్టకూడదు. కాబట్టి మార్కెట్ లెక్కలో ఆ లోయ విలువ దాదాపు సున్నా.

2. పైన్ తోట నా తమ్ముడు మధుబాబుకు. లోయకు ఎగువనున్న భూమి అతనిది, ఇల్లు దిగువన. "అక్కా, ఆ అడవి దండగ. ఎలాగోలా పర్మిషన్ తెచ్చి క్లియర్ చేసి పైన్ వేసేద్దాం" అని ఏళ్ల తరబడి పోరుపెట్టాడు. నేను ఒప్పుకోలేదని నా కూతురి పెళ్లికి రాలేదు. అది మరచిపోలేదు. అయినా పైన్ సాగు అతనికి బాగా తెలుసు. షరతు: నిటారు వాలులో మళ్లీ పైన్ నాటకూడదు.

3. లోయలోని అడవి అతని భార్య, నా మరదలు సత్యమ్మకు. కారణం చెప్పాలి. కొన్నేళ్ల కిందట మధుబాబు ఎగువనున్న తన భూమిలోని పైన్ అంతా ఒకేసారి కొట్టించాడు. ఆ చలికాలం కుండపోత వానకు బోడి కొండ జారి, వదిలేసిన దుంగలు బురదతో దొర్లుకొచ్చాయి. మోకాలి ఆపరేషనై కదలలేని సత్యమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. దుంగలు నా టావా చెట్ల మధ్య ఇరుక్కుని ఆగిపోయాయి. దారి తెరిచాక నేను వెళితే, "వదినా, ఆ సౌండ్‌కి నా పని అయిపోయిందనుకున్నా. చెట్లు విరుగుతూనే ఉన్నాయి, వెనకవి మాత్రం కదల్లేదు" అంది. గుమ్మంలో నిలబడ్డ మధుబాబు, "అక్కా, ఆ అడవికి ఇప్పుడెంత కడతావ్?" అన్నాడు. కాలు బాగయ్యాక సత్యమ్మ చెట్లు విరిగినచోట టావా మొక్కలు నాటింది. నన్ను అడగలేదు, నాకు చెప్పనూ లేదు.

4. మానుకా నేల, టౌరంగా ఇల్లు, చెట్ల చుట్టుకొలత తీసే నా టేపు మా అమ్మాయి వర్షితకు. చిన్నప్పుడు ఆ టేపును నడుముకు చుట్టుకుని, తన ధర ఎంతో చెప్పమనేది. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఈ కాగితాన్ని సత్యమ్మ చదివి వినిపించాలి.

5. నన్ను దహనానికి తీసుకెళ్లే పెట్టె పైన్ చెక్కదే కావాలి. రిము వెతకొద్దు. నాకు ఇన్నేళ్లూ అన్నం పెట్టింది పైన్ చెట్టే. దాని మీద నాకు ఏ కోపమూ లేదు.

టౌరంగా, 14 ఆగస్టు 2025
(సంతకం) గుత్తుల రమామణి

మా ఇద్దరి ఎదుట ఆమె సంతకం చేయగా, ఆమె ఎదుటే మేమూ చేశాం:
ధీరజ్ కొమ్మినేని, ఫార్మసిస్టు
మార్గరెట్ హ్యూస్, పక్కింటివారు