పెత్రమాసనాడు దొరకని గంగవాయిలి

అమ్మా, నువ్వు పోయాక మళ్లీ పెద్దలకు పెట్టే పెత్రమాస వచ్చింది. నీకిష్టమైన గంగవాయిలి కూర వండి నీ ఫోటో ముందు పెడదామని పొద్దున్నే మన గోపాల్‌పేట చేనుకు వెళ్లాను. నువ్వు ఒడి నిండా ఆ ఆకు కోసుకొచ్చే గట్టు మొత్తం మాడిపోయి మందు కంపు కొడుతోంది.

ఇంటికొస్తే తమ్ముడు హైదరాబాద్ నుంచి తెచ్చిన డబ్బా విప్పుతున్నాడు. రాయిలా గడ్డకట్టిన బ్రోకలీ, ఏ దేశానిదో.

"అక్కా, మాంసం, పాలు బంద్ చేసిన. ఆకులు, కూరగాయలే తింటున్న. భూమికి మంచిది."

"మరి గట్టు మీద గంగవాయిలి ఏమైందిరా?"

"గది గడ్డే కదక్కా! మొన్ననే మందు కొట్టిచ్చిన. అంత సాఫ్ అయింది."

ఛీ! ఆ బ్రోకలీ నీకు పెట్టబుద్ధి కాలేదు. జొన్నరొట్టె పెట్టి, కూర గిన్నె ఖాళీగానే ఉంచాను. దాని పక్కనే కూర్చుని వాడు భూమిని కాపాడుతూ తిన్నాడు.