మొండేల గది

ఆదివారం పొద్దున్న,
వాన తెరిపిచ్చాక

మహారాజశ్రీ బావగారికి, మీ ఏకైక బావమరిది నమస్కరించి రాయునది:

ఇక్కడ నేనూ, నా మోకాళ్లూ, మన స్టూడియో తలుపూ క్షేమం. అందరం కిర్రుమంటున్నాం గానీ ఎవరమూ ఊడిపోలేదు. అక్కడ మీరూ, మా మేనకోడలూ, అల్లుడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మర్యాద ఇక్కడితో సరి బావా, ఇక మీరు మానేసి ‘నువ్వు’లోకి దిగుతున్నాను. నాది పల్లెటూరి బడి చదువు. గౌరవ వాచకాలు నేర్పే రోజున మా మాస్టారు సెలవు పెట్టారు.

ఫోను చేస్తే ఎత్తవు, అందుకే ఉత్తరం. ఫోను మోగి మోగి దానంతటదే ఊరుకుంటుంది. ఉత్తరం అలా కాదు, చదివేదాకా బల్లమీద కూర్చుని నీకేసి చూస్తూనే ఉంటుంది. మొన్న అమ్మాయి మాట్లాడింది. నాన్న బాల్కనీలో కూర్చుని ఎదురింటి గోడ చూస్తున్నాడు మావయ్యా, కొత్త కుంచెలు కొనిస్తే పెన్నుల డబ్బాలో పెట్టేశాడు అంది. ఆ గోడకి రంగు బాగుందేమోలే అన్నాను. నవ్వలేదు. ఈ మధ్య నా జోకులకి గిరాకీ తగ్గింది.

పనిమీదే రాస్తున్నాను. ఒక బేరం తగిలింది. ఫోటో పడేసి పోయే బేరం కాదు. మనిషి వచ్చి నీ ఎదురుగా కూర్చుంటే, నువ్వు చూసి చూసి వేసే బేరం. అలాంటి మనిషి మన గడప తొక్కి ఎన్నాళ్లయిందో! ఆయన సంగతి చివర్లో చెప్తాను. ముందే చెప్తే మిగతా ఉత్తరం చదవవు.

ముందు వీధి కబుర్లు. ఎదురుగా తాళాల షాపు ఉండేది కదా, అది పోయి పోర్ట్రెయిట్ల షాపు వచ్చింది. అక్కడ కుంచె లేదు, రంగు లేదు, బొమ్మ వేసేవాడూ లేడు. ఒక అమ్మాయి ఉంటుంది, మంచి పిల్ల. ఫోన్లోంచి ఫోటో పంపిస్తే మిషను దాన్ని కాన్వాసు మీద కక్కేస్తుంది. ఆ తర్వాత ఈ అమ్మాయి పైన జిగురులాంటిదేదో పూస్తుంది, తడిమి చూస్తే కుంచెతో వేసినట్టు గరుగ్గా తగలాలని. ఓ రోజు మన షాపుకొచ్చి, అంకుల్, మీ దగ్గర పాత కుంచె ఉంటే ఇస్తారా, నా గీతలు నిజంగా వేసినట్టు రావట్లేదు అంది. ఇచ్చాను. మన వృత్తిలో ఇంకా గిరాకీ ఉన్నది ఆ గీతలకే అన్నమాట.

జనం ఏం కొంటున్నారో చూస్తే నీకు మతి పోతుంది. కుక్కలకి సేనాధిపతి కోటు తొడిగించి వేయించుకుంటున్నారు. ఒకావిడ పెళ్లినాటి ఫోటో తెచ్చి, మొగుడి జుట్టు మాత్రం అలాగే ఉంచమ్మా, మొహం కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు అందిట. ఎప్పుడూ ఒకచోట నిలబడని కుటుంబాన్ని మిషను పక్కపక్కన నిలబెట్టేస్తుంది. మాటల్లేని అన్నదమ్ముల చేత కూడా భుజాలమీద చేతులు వేయిస్తుందిట. అయితే బావాబావమరుదులకి కూడా ఏమైనా చేస్తుందా అని అడిగాను. కలిసున్న ఫోటో ఒకటి తెండి అంకుల్, చిటికెలో అంది. ఇల్లంతా వెతికాను. మనిద్దరం కలిసున్నది ఒక్కటీ లేదు. నువ్వు తీసినవాటిలో నేనున్నాను, నేను తీసినవాటిలో నువ్వున్నావు.

ఇక మొండేల గది. పోస్టుమాను పొరపాటున ఈ ఉత్తరం విప్పితే జడుసుకుంటాడు, అందుకని వివరంగా రాస్తున్నాను. బేరాల్లేని రోజుల్లో నేను ముందుగానే ఒళ్లు వేసి పెట్టేవాణ్ణి. కోటు, కుర్చీ, ఒళ్లో పుస్తకం, పుస్తకం మీద చేతులు. మెడ దగ్గర ఆపేసేవాణ్ణి. బేరం రాగానే పైన నువ్వు మొహం పెట్టేవాడివి. ఆ ఒళ్లన్నీ వెనక గదిలో వరసగా ఆనించి ఉండేవి. దానికి మొండేల గది అని పేరు పెట్టింది అక్కే. లోపలికి వచ్చినప్పుడల్లా, ఏమండీ అందరూ కులాసాయేనా, తలనొప్పులేం లేవు కదా అని పలకరించేది.

ఆ గుమాస్తాగారి సంగతి గుర్తుందా? ఆయన మొహాన్ని నువ్వు పరధ్యానంలో జడ్జిగారి గౌను మొండెం మీద పెట్టేశావు. నేను నెత్తీ నోరూ కొట్టుకుంటూ ఉండగానే వాళ్లావిడ వచ్చేసింది. బొమ్మకి దగ్గరగా వచ్చి గౌను అంచు వేలితో తడిమి, బతికుండగా ఆయనకి ప్రమోషన్ రాలేదండీ, దీన్నిలాగే ఉంచండి అంది. అక్క తర్వాత వారం రోజులపాటు నిన్ను ప్రమోషన్ల ఆఫీసరుగారూ అని పిలిచింది.

ఈ మధ్య ఆ గదికి గిరాకీ వచ్చింది బావా. హోటళ్లకి లోపలి అలంకరణ చేసే మనిషి ఒకాయన వచ్చాడు. పాత పోర్ట్రెయిట్లు కొంటాడట, ఎవరివైనా ఫర్వాలేదట. వేయించుకుని తీసుకెళ్లకుండా వదిలేసిన తాతలు ఉన్నారే, వాళ్లందర్నీ తీసుకున్నాడు. ఇప్పుడు వాళ్లు ఎక్కడో కాఫీ తాగేవాళ్ల నెత్తిన వేలాడుతూ, మొహం ఎరగనివాళ్లకి తాతలుగా ఉద్యోగం చేస్తూ ఉంటారు. వెళ్తూ వెళ్తూ వెనక గదిలోకి తొంగి చూసి ఎగిరి గంతేశాడు. తల లేకపోవడంలోనే ఉందట అందమంతా. నేను ఇన్నేళ్లూ సగం పని అనుకున్నది ఆయన కంటికి పూర్తి బొమ్మ. వ్యాను తెచ్చి అందర్నీ ఎక్కించుకుపోయాడు. ఎందుకిచ్చావురా అంటావు. పైన మొహం పెట్టేవాడే లేనప్పుడు వాళ్లు మాత్రం ఎవరికోసం ఎదురుచూస్తారు?

గది ఖాళీ అయ్యాక తెలిసింది, తలలు లేకపోయినా వాళ్లు మనుషులే. ఆ సాయంత్రం షాపు మూసేముందు అలవాటుకొద్దీ లోపలికి తొంగి చూసి, అందరూ కులాసాయేనా అన్నాను. గోడలు నా మాటే నాకు తిరిగి ఇచ్చాయి. గబగబా తాళం వేసుకుని వచ్చేశాను.

అన్నీ ఇచ్చాను గానీ ఒకటి ఇవ్వలేదు. దుప్పటి కప్పి గోడవైపు తిప్పి పెట్టినది ఏదో నీకు చెప్పక్కర్లేదు. ఆయన అడగకుండానే దుప్పటి ఎత్తేశాడు. నీలం శాలువా, కుర్చీ చెయ్యి మీద వాల్చిన కుడిచెయ్యి, ఒళ్లో కళ్లజోడు, మెడ పైన ఉత్త కాన్వాసు. అన్నిటికంటే ఇదే గొప్పగా ఉంది, లిఫ్టు ఎదురుగా పెడతాను అన్నాడు. ఇంకా పూర్తి కాలేదండీ అన్నాను. కాకపోవడమే కదండీ దీని గొప్ప అన్నాడు. నాకు కోపం రాదని ఊరంతా చెప్పుకుంటుంది. ఆరోజు ఊరు తప్పు. ఆవిడ మా అక్క, లిఫ్టు అంటే ఆవిడకి భయం అని దుప్పటి లాక్కుని కప్పేశాను. నెలాఖరుకి మళ్లీ వస్తాను, ఆలోచించుకోండి అని పోయాడు. ఆలోచించాల్సింది నేను కాదు, మా బావ అని చెప్పి పంపాను.

అక్క పోయిన కొత్తలో ఆ ఒళ్లు నేను వేశాను. శాలువా అంచు మూడుసార్లు చెరిపి వేశాను, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. మొహం నీ వంతు. నువ్వు ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నావు. ఒక్కదాంట్లో కూడా ఆవిడ కళ్లు తెరిచి లేదు. కెమెరా ఎత్తితే చాలు, మనకంటే ముందే మూసేసే మనిషి. ఊళ్లోవాళ్లు అలాంటి ఫోటోలు తెస్తే ఎన్ని కళ్లు తెరిపించలేదు నువ్వు! తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి పోయిన అన్న కళ్లు, కూతుర్ని కూర్చోబెట్టి తల్లి ముక్కు అరువు తీసుకుని వేసేవాడివి. అక్క కళ్లు మాత్రం నీకు దొరకలేదు. నేను రోజూ పొద్దున్నే, ఏమైంది బావా అని అడిగేవాణ్ణి. ఒకరోజు నువ్వు తలుపుతో మాట్లాడుతున్నట్టు అటు తిరిగి, మొండేలు వేసేవాడివి, మొహం సంగతి నీకేం తెలుసురా అని, కుంచె కడక్కుండానే అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయావు. ఆ కుంచె నేను కడిగాను. కాస్త బిరుసెక్కింది గానీ చావలేదు.

పోయినవారం షాపు మూసి మ్యూజియానికి వెళ్లాను. గైడు బడిపిల్లలకి చెప్తుంటే వాళ్ల వెనకే నిలబడి విన్నాను. అనగనగా మొహం వేయించుకునే యోగం రాజులకే ఉండేదట. వేసేవాడు రాజుగారి ముక్కు కాస్త తగ్గించి, తన తల నిలబెట్టుకునేవాడట. పెళ్లిచూపులకి పిల్లకి బదులు పిల్ల బొమ్మని పంపేవాళ్లట. పెళ్లయ్యాక రాజుగారు బొమ్మ వేసినవాడికోసం కబురు పెట్టి ఉంటాడు, అది గైడు చెప్పలేదు. తర్వాత వర్తకులొచ్చారు, వాళ్ల భార్యలు, వాళ్ల గొలుసులు. ఆ తర్వాత కెమెరా వచ్చింది. ఇక మీ పనైపోయింది అని బొమ్మలు వేసేవాళ్లతో అందరూ అన్నారట. చూశావా, మనం ఆ మాట వినడం ఇవాళ కొత్త కాదు.

ఒక మూల నల్లటోపీ మనిషి బొమ్మ ఉంది, చిన్నది. కింద చీటీ మీద వేసినవాడి పేరుంది. వేయించుకున్నాయన పేరు ఎవరికీ తెలియదట. మొహం ఒకరు, చేతులు ఒకరు వేశారని నాకు చూడగానే అనిపించింది. చేతులవాడి పేరు కూడా లేదు. మనసులోనే ఓ దణ్ణం పెట్టుకున్నాను. ఎంతకీ కదలకపోయేసరికి కాపలా ఆయన వచ్చి, ఏం పెద్దాయనా, మీ బంధువా అన్నాడు. ఇప్పుడే పరిచయమయ్యాడండీ అన్నాను.

నిజం చెప్తున్నాను, ఆరోజు పొద్దుట్నించీ నా మొహంలోకి సూటిగా చూసింది ఆ టోపీ ఆయనొక్కడే. షాపుకి వచ్చేవాళ్లు గోడలు చూస్తారు, చేతిలో ఫోను చూస్తారు. టీ కొట్టువాడు గ్లాసు చూస్తాడు. రాజులూ వర్తకులూ అంత ఖర్చు పెట్టింది బొమ్మ కోసమే అయి ఉండదు బావా. ఒక మనిషి వేరే పని పెట్టుకోకుండా తమకేసి చూస్తూ కూర్చోవడం కోసం కూడా అయి ఉంటుంది. అది ఎదురు షాపు మిషను దగ్గర లేదు. నేను అడిగి చూశాను.

ఇక బేరం. మనిషికి యాభై దాటాయి. పెళ్లీ పెటాకులూ లేవు, ఒక్కడే ఉంటాడు. అందగాడేం కాదు, అలాగని చూసి పారిపోనక్కర్లేదు. బొమ్మ ఎవరికివ్వడానికండీ అంటే, ఎవరూ లేరు, ఒక్కసారి వేయించుకోవాలని ఉంది అంటాడు. ఒళ్లు వేసేశాను. బూడిదరంగు కోటు, మోచేతుల దగ్గర అతుకులు, మోకాళ్లమీద చేతులు. ఎడమ బొటనవేలి గోరు వంకర, అదీ ఉన్నదున్నట్టే పెట్టాను. మొహం కూడా నేనే ప్రయత్నించాను. మొదటిసారి బంగాళాదుంప వచ్చింది. రెండోసారి కోపమొచ్చిన బంగాళాదుంప వచ్చింది. నువ్వన్న మాట అక్షరాలా నిజం, మొహం సంగతి నాకు తెలియదు.

నువ్వే వేయాలని ఆయన పట్టు. మిషను వద్దట, ఇంకో చెయ్యి వద్దట. ఎన్నాళ్లయినా కూర్చుంటాడట. అమ్మాయికి చెప్పి బస్సెక్కు. నీ గదిలో దుమ్ము దులిపాను. రెండు దిండ్లు లేకపోతే నీకు నిద్ర పట్టదని రెండూ ఎండలో వేశాను. రాలేనంటే రాలేనని ఒక ముక్క రాయి, అదైనా నీ చేతిరాత చూసినట్టుంటుంది.

ఇట్లు,
కిర్రుమంటూనే క్షేమంగా ఉన్న
నీ బావమరిది

తా.క.: వంకర గోరు దగ్గరే పట్టేసి ఉంటావు. దానిమీద ఫ్రేము పడేసింది నువ్వే కదా. అవును, ఆ బేరం నేనే. కోటు నీది, అలమరలో దొరికింది.

ఇంకొకటి. ఆ బంగాళాదుంపల కోసం అద్దం ముందు కూర్చుని నా కళ్లు వేసుకుందామని చూశాను. వేయలేకపోయాను బావా. అద్దంలోంచి అక్క చూస్తోంది. ఇన్నేళ్లూ గెడ్డం గీసుకోవడమే తప్ప ఏనాడూ కళ్లదాకా చూసుకోలేదు. అక్క పోయాక నువ్వు నాతో ఏం మాట్లాడినా తలుపుకేసో కిటికీకేసో ఎందుకు చూసేవాడివో అప్పుడు తెలిసింది. నాకంటే ముందే నీకు తెలుసు. ఎదురుగా కూర్చోబెట్టి అరువు తీసుకోవాల్సిన మొహం నాదేనని తెలిసి కూడా అడగలేకపోయావు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. ముందు నావి వెయ్యి. చెయ్యి తిరిగాక పక్కన దుప్పటి తీద్దాం.

కుర్చీ కిటికీ పక్కనే వేశాను. జోకులు వెయ్యను, కదలను, రెప్ప కూడా వెయ్యను.